తుత్తురుబెండతో మొదలుపెట్టమ్మా

చి. స్వాతికి,
బెంగళూరు నుంచి పెదనాన్న ఆశీస్సులు.

చెన్నైలో మీ మేడ మీద అబూటిలాన్ పామెరి అనే అమెరికా ఎడారి మొక్క పెంచబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా తర్వాత ఇంట్లో ఎవరూ మట్టి ముట్టుకోరనుకున్నాను. సంతోషం తల్లీ. కానీ విత్తనాలు నీ స్నేహితురాలు అరిజోనా నుంచి సూట్‌కేసులో పెట్టుకొస్తోందట. అది విన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్.

బయటి దేశపు విత్తనానికి అక్కడివాళ్లిచ్చే ఆరోగ్య ధ్రువపత్రం, ఇక్కడి దిగుమతి పర్మిట్ ఉండాలి. తెగుళ్లు దేశంలోకి రాకుండా పెట్టిన 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వులో ఉన్నదే. ముసలాయన చాదస్తం అనుకోకముందు పిండినల్లి అనే పురుగు సంగతి విను.

నువ్వప్పటికి చిన్నపిల్లవి. పల్నాడులో మన పత్తిచేను గట్టున తుత్తురుబెండ దుబ్బు ఉండేది. మెత్తటి నూగు ఆకులు, మధ్యాహ్నం దాటాక విచ్చుకునే పసుపు పూలు. పత్తికి చుట్టం కాబట్టి దాని పురుగులు దీన్నీ పడతాయి, పీకెయ్యండని వ్యవసాయశాఖ వాళ్లు చెప్పారు. మీ నాన్న పీకలేదు. మీ నాయనమ్మ మొలల బాధకు ఆ ఆకే వాడేది. ‘రేపు అమ్మ అడిగితే ఎక్కణ్ణుంచి తేను అన్నయ్యా’ అన్నాడు. ఆ ఏడే దాని కాండం మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా కనిపించింది. ముట్టుకుంటే జిగట. చీమలు బారులు కట్టాయి. పిల్లపురుగుల్ని అవే మోసుకెళ్తాయి. చూస్తుండగానే గట్టు పక్క సాళ్లలో పత్తి చిగుళ్లు ముడుచుకుపోయాయి, ఆకులకు నల్లమసి పట్టింది. ఒంటిమీద మైనం పొర ఉంటుందేమో, మందు కొట్టినా దానికి అంటదు. మీ నాన్న ఆ సాళ్లు పీకి తగలబెట్టి, ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాలుగు చీవాట్లు పెడదామనే వెళ్లాను. పక్కన మీ నాయనమ్మ కూర్చుని ఉంది. ఏమంటాను?

ఆ పురుగును 1898లో మొదట గుర్తించింది న్యూ మెక్సికోలో. అంటే అరిజోనా పక్కనే. విత్తనాల్లో పిండినల్లి రాకపోవచ్చు, ఇంకేదో రావచ్చు. కాగితం అడిగేది అందుకే.

నీకు కావలసిన అబూటిలాన్ పామెరి మన తుత్తురుబెండ జాతే. చెన్నైలో తుత్తి అంటారు, ఖాళీ స్థలాల్లో బోలెడు. కాగితాలు వచ్చేలోపు ఎండిన కాయ ఒకటి తెచ్చి దీనిమీద చెయ్యి తిప్పుకో. గింజ పెంకు గట్టిది, నీళ్లు దిగవు. గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది రాత్రంతా నానబెట్టు. ఇసుక కలిపిన మట్టి, అడుగున చిల్లులు, నిండా ఎండ. అంతే.

ఎడారి మొక్క వచ్చాక ముద్దు చేసి రోజూ నీళ్లు పొయ్యకు. వేలు పెట్టి చూడు, లోపల పొడిగా ఉంటేనే పొయ్యి. కుండీ కింద పళ్లెం వద్దు. మీ చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కదా, ఎండ తగిలే సన్‌షేడ్ కిందకి జరుపు. లేకపోతే వేరు కుళ్లుతుంది. మీ అత్తగారి మందారకు, బెండకు, గోంగూరకు దూరంగా పెట్టు. అన్నీ పత్తి కుటుంబమే. ఆవిడ మందారకు తెగులొస్తే నేనొచ్చి సర్దిచెప్పలేను.

తెల్లగా కనిపిస్తే వెంటనే ఆ కొమ్మ తుంచి సబ్బునీళ్లలో ముంచెయ్యి. చీమలు ఎక్కుతున్నాయేమో రోజూ చూడు. మీ నాన్నలాగా జాలిపడకు. వాడి జాలి నీకూ వచ్చిందని నాకు తెలుసులే.

మొలకలొచ్చాక వాట్సాప్‌లో ఫోటోలు పెట్టు. పూలవి తర్వాత, ముందు ఆకుల అడుగువైపు తీసి పంపు.

పెదనాన్న