సంతకానికి ముందు చదువు, అమ్మడూ

అమ్మడూ,

అత్తయ్య ఆశీస్సులు. పరాయివాడు ఆక్రమించుకున్న తాతయ్య రెండెకరాల మీద దావా వేయిస్తున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. రాత్రి కునుకు పడితే ఒట్టు. నాలుగేళ్ళుగా వాడు "చూద్దాంలే" అంటున్న పనికి నువ్వు పూనుకున్నావంటే గర్వంగానే ఉంది. భయమూ ఉంది.

ఉద్యోగం హైదరాబాదులో కాబట్టి అక్కడి కోర్టులోనే వేస్తానన్నావట. కుదరదు తల్లీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ సెక్షన్ ప్రకారం భూమి ఎక్కడుంటే దావా అక్కడే. వాయిదాకి బస్సెక్కాల్సిందే. పట్టా నాన్న పేరున ఉంది గనక వాది వాడే, నడిపించేది నువ్వు. తహసీల్దారు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోకు. ప్రభుత్వ భూమిలో చొరబడ్డవాణ్ణి ఖాళీ చేయించడానికి ఆయనకి 1905 నాటి చట్టం ఉంది. మన పట్టా భూమిలో కూర్చున్నవాణ్ణి లేపాలంటే సివిల్ కోర్టే.

జూనియర్ సివిల్ జడ్జి దగ్గరా, సీనియర్ దగ్గరా అంటే, నువ్వేం అడుగుతున్నావో, దాని విలువెంతో చూడాలి. ఆ విలువని విచారించగల కోర్టుల్లో అన్నిటికంటే కింది దాంట్లో వేయాలి. నేను బోర్లా పడింది ఈ లెక్క దగ్గరే.

మీ మామయ్య చనిపోయిన ఏడే పక్క చేనువాళ్ళు గట్టు తవ్వి మా ఎకరంన్నర కలిపేసుకున్నారు. మూడేళ్ళు పెద్దమనుషుల అరుగులు పట్టుకుని తిరిగి, చివరికి ప్లీడరు దగ్గరికి వెళ్ళాను. "స్వాధీనం అడిగితే మార్కెట్ విలువలో ముప్పాతిక మీద కోర్టు ఫీజు కట్టాలి, పెద్ద కోర్టుకి పోవాలి. ఇంజంక్షన్, అంటే వాళ్ళు చేలోకి రాకుండా ఆపే ఉత్తర్వు అడుగుదాం, కొద్దిపాటి ఫీజుతో జూనియర్ కోర్టులో తేలిపోతుంది" అన్నాడాయన. చేతిలో డబ్బు లేదు, సరేనన్నాను. ఇంజంక్షన్ రావాలంటే భూమి మన చేతిలో ఉండాలిగా! "నా స్వాధీనంలోనే ఉంది" అని రాయించాడు. చదవక పెట్టిన సంతకం కాదమ్మా, చదివే పెట్టాను.

బోనులో అవతలి ప్లీడరు మెత్తగా అడిగాడు: "అమ్మా, కిందటేడు ఆ చేలో ఏం వేశారు?"

"మినుములు."

అడంగల్ నకలు, అదే ఏ చేలో ఎవరు ఏం పండించారో రాసే ఊరి లెక్క, నా ముందు పెట్టి చదవమన్నాడు. పట్టాదారు గడిలో నా పేరే. అనుభవదారు గడిలో వాళ్ళది. పంట గడిలో పత్తి. మూడేళ్ళూ పత్తే. చదువుతుంటే నా గొంతు నాకే వినపడలేదు.

స్వాధీనం కూడా కావాలని దావా సవరించేసరికి విలువ ఆ కోర్టు పరిధి దాటింది. కాగితాలు చేతికిచ్చి, తగిన కోర్టులో వేసుకోమన్నారు. అప్పటికి ఆరేళ్ళు. చివరికి గెలిచాననుకో. కోర్టు అమీను వచ్చి గట్టు మీద నిలబడి స్వాధీనం ఇప్పించిన రోజు నేను కర్ర పట్టుకుని నడిచాను.

అందుకే నువ్వు "ముందు స్టే తెచ్చేస్తా" అన్నావంటే ఒళ్ళు మండింది. చేను వాడి చేతిలో ఉంటే ఉత్త ఇంజంక్షన్ చాలదని 2008లో సుప్రీంకోర్టు మన దగ్గరి కేసులోనే చెప్పింది. స్వాధీనం అడగాలి. హక్కే లేదని వాడు అడ్డం తిరిగితే హక్కు ప్రకటన కూడా కలపాలి. చేను పోయిన ఆరు నెలల్లోపైతే హక్కు జోలికి పోకుండానే తిరిగి ఇప్పించే దారి ఉండేది, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆరో సెక్షన్ కింద. అది మీ నాన్న "చూద్దాంలే"లో కొట్టుకుపోయింది. ఇక మిగిలింది 12 ఏళ్ళ గడువు. నాలుగేగా అయ్యాయని నిమ్మళించకు, నాకు ఆరేళ్ళు ఎలా గడిచాయో చెప్పాగా.

చేలోకి మాత్రం ఒక్కదానివే వెళ్ళకు. వాడితో మాట పెంచకు. తిండి మానకు.

దస్తావేజు, ఈసీ (భూమి మీది లావాదేవీల పత్రం), పాసుపుస్తకం, నాలుగేళ్ళ అడంగల్ నకళ్ళు తీసుకుని ఆదివారం రా. నా పాత కట్ట అటక మీంచి దింపించి ఉంచుతాను. అందులో నా సాక్ష్యం నకలుంది. మీ నాన్నక్కూడా ఎప్పుడూ చూపించలేదు. నువ్వు చదువు.

మీ అత్తయ్య