కూతురు ఆడిట్ అంటోంది, నాన్న గ్రామీణ బ్యాంకు పరీక్ష అంటున్నారు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి. నేను హైస్కూలు టీచర్ని. మా అమ్మాయి విజయనగరంలో బీకాం ఫైనలియర్ చదువుతోంది. గ్రామీణ బ్యాంకు పరీక్ష రాయమంటే, ‘బ్యాంకుల్లో ఇంటర్నల్ కంట్రోల్స్, రిస్క్ వైపు వెళ్తాను’ అంటోంది. ముంబైలో ఓ కోఆపరేటివ్ బ్యాంకులో డబ్బు మాయమైన వార్త చదివినప్పటి నుంచి ఇదే మాట. ఆడిట్ అంటే ఊరూరా తిరగడం, అందరితో తగువులు అని నా టెన్షన్. అసలు ఆ ఉద్యోగాలు మన వైపు ఉన్నాయా?

జవాబు: మాస్టారూ, ఆ ఉద్యోగాలు ప్రతి బ్యాంకులోనూ ఉన్నాయి. కాకపోతే డిగ్రీ పూర్తవగానే చేతికి వచ్చేవి కావు. ఒక పనిలో తప్పు పట్టుకోవాలంటే ముందు ఆ పని దగ్గరుండి చూసిన మనిషై ఉండాలి. అందుకే మీ ఇద్దరి మాటల్నీ నేను పోటీగా చూడటం లేదు.

మీ అమ్మాయిని కదిలించిన సంగతి చిన్నది కాదు. 2025 ఫిబ్రవరిలో న్యూ ఇండియా కోఆపరేటివ్ బ్యాంకుకు రిజర్వు బ్యాంకు వాళ్లు తనిఖీకి వెళ్తే, పుస్తకాల్లో ఉన్న నగదుకీ వాల్టులో ఉన్న నోట్లకీ పొంతన కుదరలేదు. తేడా 122 కోట్లు. ఖాతాదారులు తమ డబ్బు తాము తీసుకోకుండా ఆంక్షలు పడ్డాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆడిట్ రిపోర్టులపై సంతకాలు జరుగుతూనే ఉన్నాయి. ‘లోపల చూసేవాళ్లు ఏం చేస్తున్నట్టు?’ అని ఒక బీకాం విద్యార్థికి అనిపించిందంటే, ఆ ఆసక్తిని పోగొట్టకండి.

అమ్మా, ఇది నీకు. ఇంటర్నల్ కంట్రోల్స్ అంటే బ్రాంచిలో రోజూ జరిగే పనులే. క్యాష్ సేఫ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు పాస్ చేయాలి. తాకట్టు బంగారాన్ని మొదట చూసిన అప్రైజర్ (బంగారం నాణ్యత తేల్చే మనిషి) కాకుండా వేరే మనిషి మళ్లీ పరీక్షించాలి. వీటిలో నాకు బాగా నచ్చేది సెలవు నిబంధన. సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్లని ఏడాదికోసారి, ముందుగా చెప్పకుండా, వరుసగా కనీసం 10 పనిదినాలు సెలవు మీద పంపాలని వాణిజ్య బ్యాంకులకు రిజర్వు బ్యాంకు చెప్పింది. తప్పుడు లెక్కని నిలబెట్టాలంటే ఆ మనిషి రోజూ వచ్చి దాన్ని సర్దుకుంటూ ఉండాలి. సీటు ఖాళీ అయ్యి ఇంకొకరు కూర్చున్నారా, లెక్క బయటపడుతుంది. రిజిస్టరులో ఇద్దరి సంతకాలు ఉన్నా తాళాలు రెండూ ఒకరి జేబులోనే ఉన్నాయేమో అనిపించినప్పుడు, లేచి వెళ్లి చూసేవాళ్లు ఈ పనికి కావాలి.

రిస్క్ డిస్‌క్లోజర్ ఇంకో మెట్టు. ఉన్న ప్రమాదాన్ని బ్యాంకు బయటకి చెప్పడం. 2024 ఫిబ్రవరి చివర్లో అమెరికాలో న్యూయార్క్ కమ్యూనిటీ బ్యాంక్‌కార్ప్, తన రుణాల సమీక్షలో కంట్రోల్స్ బలహీనంగా ఉన్నాయని ప్రకటించింది. మర్నాడే షేరు దాదాపు నాలుగో వంతు పడిపోయింది. మన గ్రామీణ బ్యాంకులకు ఆ భయం లేదు, వాటి షేర్లు మార్కెట్లో లేవు. వాటిలో వాటా కేంద్రానిది 50 శాతం, స్పాన్సర్ బ్యాంకుది (గ్రామీణ బ్యాంకుకి అండగా ఉండే పెద్ద బ్యాంకు) 35, రాష్ట్రానిది 15. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ తనిఖీ చేస్తుంది. అందువల్ల వాటి విషయంలో మామూలు మనిషి చదవగలిగింది వార్షిక నివేదికే. వెనక పేజీల్లో ‘నోట్స్ టు అకౌంట్స్’ ఉంటాయి: ఏ రంగానికి ఎంత అప్పు ఇచ్చారు, అందులో మొండిబకాయి ఎంత, డిపాజిట్లలో మొదటి 20 మంది వాటా ఎంత, ఆ ఏడాది బయటపడ్డ మోసాలు ఎన్ని.

ఆ పట్టికల్ని మన ప్రాంతం తెలిసిన మనిషి ఇంకా బాగా చదవగలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. తోట మళ్లీ కాపుకొచ్చేదాకా అప్పు కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? ఒకే పంటకి, ఒకే ప్రాంతంలో ఎక్కువ అప్పులిస్తే వచ్చే ప్రమాదాన్ని పుస్తకాల్లో కాన్సంట్రేషన్ రిస్క్ అంటారు. పలాస, మందస వైపు బంధువులుంటే నీకు అది పాఠంగా చెప్పనక్కర్లేదు.

ఇక దారి. మాస్టారూ, ఇంట్లో వెంటనే జీతం అవసరం లేకపోతే నేను సీఏనే చెప్తాను. బీకాంలో 55 శాతం వస్తే సీఏలో మొదటి మెట్టు ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో మెట్టు ‘సీఏ ఇంటర్మీడియట్’కి వెళ్లొచ్చు. ఫైనలియర్‌లో ఉండగానే ప్రొవిజనల్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు. రెండేళ్ల ఆర్టికల్‌షిప్‌తో (ఆడిట్ ఫర్మ్‌లో శిక్షణ) కలిపి నాలుగేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి, మధ్యలో పరీక్షల్లో ఒకటి రెండు గ్రూపులు పోతాయి కూడా. సీఏ అయ్యి ఏడాది అనుభవం ఉంటే, గ్రామీణ బ్యాంకులే స్కేల్-2 స్పెషలిస్ట్ ఆఫీసర్లుగా బ్యాంకు నియామక పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ ద్వారా తీసుకుంటాయి.

జీతం ఇప్పుడే కావాలంటే మీ మాటే సరైనది. స్కేల్-1 ఆఫీసర్ పరీక్ష రాయనివ్వండి. 2025 మే 1 నుంచి రాష్ట్రంలో నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఒకప్పుడు శ్రీకాకుళంలోనే హెడ్డాఫీసు ఉండే శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు వారసత్వం కూడా అందులోనే ఉంది. కొన్నేళ్లు బ్రాంచిలో చేసి, బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ, సీఏఐఐబీ పరీక్షలు పూర్తి చేసి, బ్రాంచీలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్షన్ విభాగం అడగొచ్చు.

తిరుగుడు నిజమే, దాచను. ఇన్‌స్పెక్షన్‌లో ఉంటే నెలలో చాలా రోజులు వేరే ఊళ్లలోనే. అయితే ఆఫీసర్ ఉద్యోగంలో ట్రాన్స్‌ఫర్లు కూడా తప్పవు కదా! తగువుల మాట: కాగితం మీద ఆధారంతో రాసిన రిపోర్టు నిజాయితీ గల మేనేజర్ని కాపాడుతుంది కూడా. అలాంటి మేనేజర్లు ఆడిటర్ రాకని కోరుకోవడం నేను చూశాను.

సీఏ వైపే అనుకుంటే సీఏ ఇంటర్మీడియట్ చదువుతుండగానే విజయనగరం, విశాఖ ఆడిట్ ఫర్మ్‌ల గురించి వాకబు చేయండి. పేరు పెద్దదా చిన్నదా అని చూడొద్దు. ఏప్రిల్‌లో బ్యాంకు బ్రాంచీల స్టాట్యుటరీ ఆడిట్ (చట్టప్రకారం ఏటా జరిగేది) చేస్తారా, కాంకరెంట్ ఆడిట్ (లావాదేవీలు జరుగుతుండగానే చేసేది) ఉందా, ఆర్టికల్స్‌ని (శిక్షణలో ఉన్నవాళ్లని) బ్రాంచీలకి పంపుతారా అని అమ్మాయినే అడగమనండి. జీఎస్టీ రిటర్నులతోనే ఏడాదంతా గడిచే ఫర్మ్ అయితే, స్టైపెండ్ కాస్త ఎక్కువిచ్చినా వద్దు.