‘6 గంటలకు వేడెక్కుతుంది’ అంటే మొదలా, ముగింపా?

సందేహం: ఇంట్లో ఎస్ప్రెస్సో యంత్రాన్ని ప్లగ్ టైమరుకు తగిలించి, పక్కన ‘యంత్రం ఉదయం 6 గంటలకు వేడెక్కుతుంది’ అని చీటీ అంటించాను. 6 గంటలకు కాఫీ తీసుకోవచ్చని నా ఉద్దేశం. అప్పుడే వేడెక్కడం మొదలవుతుందని మా తమ్ముడు అనుకున్నాడు. నా వాక్యంలో తప్పుందా? ‘వేడి చేయబడుతుంది’ అనాల్సిందా?

సమాధానం: వ్యాకరణరీత్యా తప్పు లేదు, కానీ మీ ఇద్దరి అర్థాలకూ ఆ వాక్యంలో చోటుంది. ‘రైలు 6 గంటలకు బయలుదేరుతుంది’ అన్నప్పుడు బయలుదేరడం ఒక్క క్షణంలో జరిగే పని కాబట్టి ‘కు’ ప్రత్యయం సరిగ్గా ఆ క్షణాన్నే పట్టిస్తుంది. వేడెక్కడం కొంతసేపు సాగే పని. అలాంటి క్రియకు ‘కు’తో సమయం చెబితే ఆ సమయం పనికి మొదలో చివరో తేలదు. టైమరు మాట కూడా విన్న మీ తమ్ముడు దాన్ని మొదలుగా తీసుకోవడం సహజమే.

ఈ యంత్రాల్లో ఆ తేడా చిన్నదేమీ కాదు. ఇటలీకి చెందిన ఫాయెమా సంస్థ 1961లో తెచ్చిన ఇ61 గ్రూపు ఇప్పటికీ ఎన్నో ఇంటి యంత్రాల్లో కనిపిస్తుంది. గ్రూపు అంటే వేడినీళ్లు కాఫీ పొడిలోకి దిగే భాగం, ఇందులో అది బరువైన ఇత్తడిది. బాయిలరులో నీళ్లు ముందే కాగి, పీడనం చూపే ముల్లు పైకి లేచినా, ఆ ఇత్తడికంతటికీ వేడి పట్టడానికి అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. టైమరు 6 గంటలకు కరెంటు ఇస్తే 6 గంటలకు కాఫీ రాదు.

మీరు చెప్పదలచిన దానికి తెలుగులో ‘కల్లా’ ఉంది. ‘6 గంటలకల్లా వేడెక్కుతుంది’ అంటే ఆ వేళ దాటకుండా పని పూర్తవుతుందని స్పష్టమవుతుంది. ‘వేడెక్కి ఉంటుంది’ అని కూడా కొందరు రాస్తారు గాని, నేను ఇక్కడ దాన్ని సిఫారసు చేయను. ‘అన్నం ఈపాటికి ఉడికి ఉంటుంది’ అన్నట్లు ఆ రూపంలో ఊహ కూడా ధ్వనిస్తుంది, సూచనలు రాసే చోట ఊహకు తావివ్వకూడదు.

‘వేడి చేయబడుతుంది’ అక్కర్లేదు. ‘వేడెక్కు’ అకర్మక క్రియ, వేడి చేసేది ఎవరో చెప్పకుండానే పని నడుస్తుంది. పైగా మీ చిక్కు సమయం గురించినది కాబట్టి ‘బడు’ చేర్చినా అది తీరదు.

‘టైమరు యంత్రాన్ని ఆన్ చేస్తుంది’ అని మాత్రం రాయకండి. టైమరు చేసేది కరెంటు ఇవ్వడం, ఆపడం, అంతే. నొక్కితే అలాగే నిలిచే మీట ఉన్న యంత్రమైతే, ఆ మీట రాత్రే వేసి ఉంచితే, కరెంటు రాగానే వేడెక్కడం మొదలవుతుంది. ఎలక్ట్రానిక్ బటన్లున్న చాలా యంత్రాలు కరెంటు వచ్చినా ఎవరో నొక్కేదాకా ఊరకే ఉంటాయి.

కాబట్టి ఇలా రాయండి: ‘టైమరు 5:15కు కరెంటు ఇస్తుంది. యంత్రం 6 గంటలకల్లా కాఫీకి సిద్ధమవుతుంది. 8 గంటలకు కరెంటు ఆగిపోతుంది.’ మొదటి, చివరి వాక్యాల్లో ‘కు’ చాలు, ఎందుకంటే కరెంటు రావడం, పోవడం క్షణంలో జరిగేవి. ‘8 గంటలకు చల్లబడుతుంది’ అని రాస్తే మళ్లీ అదే చిక్కు, ఆ వేళకు ఇత్తడి ఇంకా చేయి కాలేంత వేడిగానే ఉంటుంది.