కోళ్ల గూట్లో ఏం పరచాలి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర ఊరు. పెరట్లో 18 నాటుకోళ్లు, రేకుల గూడు, సిమెంటు నేల. కింద వరిగడ్డి పరుస్తాను. రోజూ పొద్దున్నే నేలంతా నీళ్లతో కడిగి, వారానికోసారి ఫినాయిల్ కూడా వేస్తున్నాను. అయినా వాన పడితే చాలు, గూట్లోకి వెళ్లగానే కళ్లు మండుతున్నాయి. మొన్న రెండు కోడిపిల్లలకి రక్త విరేచనాలయ్యాయి, చాలా టెన్షన్‌గా ఉంది. పక్కింటావిడ కొబ్బరి పొట్టు వేయమంటోంది, మా ఆయన ఇసుక పోద్దామంటున్నారు. ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ఆ కడగడం ఆపండి. మీ కళ్లు మండేది అమోనియా వల్ల, అది పుట్టేది తడిసిన రెట్టలోంచి. ఎండిన రెట్ట పెద్దగా వాసన రాదు, దానికి తడి తగిలితేనే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మీరు పొద్దున్న పోసిన నీళ్లు మన కోనసీమ గాలిలో వర్షాకాలం సాయంత్రానికి కూడా ఆరవు, దాని మీదే మళ్లీ గడ్డి వేస్తున్నారు. మీరు గూట్లో ఉండేది ఐదు నిమిషాలు, కోడి మాత్రం రాత్రంతా ఆ గాలే పీలుస్తూ పడుకుంటుంది.

ఇక ఏం పరచాలంటే, నా ఓటు ఊకకే. మిల్లు నుంచి కొత్త ఊక తెచ్చి, ఒక రోజు బాగా ఎండబెట్టి, రెండు మూడు అంగుళాల మందాన పరవండి. ఊక తొందరగా కుళ్లదు, అట్టకట్టదు. అది తడిని తక్కువ పీలుస్తుంది కాబట్టి నాలుగో వంతు ఎండు రంపపు పొట్టు కలిపితే ఇంకా బాగుంటుంది. పొడవాటి వరిగడ్డి తొక్కుడుకి చాపలా అణిగిపోయి కింద బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకి చేటు. గడ్డే ఉందనుకుంటే రెండంగుళాల ముక్కలుగా నరికి వేయండి. కొబ్బరి పొట్టు తన బరువుకి ఎన్నో రెట్లు నీరు పట్టుకుంటుంది, అందుకే వేసవిలో బాగా ఎండినది వాడుకోవచ్చు గానీ జూన్ నుంచి నవంబరు దాకా దాని జోలికి పోవద్దు. మీ ఆయన చెప్పిన ఇసుక కూడా పనికొస్తుంది, కానీ గోదావరి ఇసుకే కావాలి, సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, కోళ్లు దాన్ని పొడుచుకు తింటాయి.

లిట్టర్ (గూట్లో పరిచిన ఊక, గడ్డి లాంటిది) గుప్పెట్లోకి తీసుకుని నొక్కి చూడండి. చెయ్యి తెరిచాక కూడా ముద్దలా నిలిచిపోతే తడి ఎక్కువైనట్టు, కొంచెం అంటుకుని విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. వారానికి రెండుసార్లు దంతెతో అడుగు నుంచి తిరగేయండి, తడిసిన చోట మాత్రం ఎత్తి పారేసి కొత్తది వేయండి. నీళ్ల పాత్ర చుట్టూ ఎప్పుడూ తడే కాబట్టి దాన్ని ఇటుకల మీద, కోడి వీపు ఎత్తుకి పెట్టండి. రాత్రి రెట్టంతా కూర్చునే కర్ర కిందే పడుతుంది, అక్కడ ఒక గోనెసంచి పరిచి పొద్దున్నే బయటికి లాగేస్తే సగం పని అయిపోయినట్టే. పొడి సున్నం పల్చగా జల్లి కలిపితే ఆరుతుంది, కానీ ముందు ఘాటు పెరుగుతుంది కాబట్టి కోళ్లు బయట తిరిగేటప్పుడే ఆ పని చేయండి. తుఫాను రోజుల్లో నాలుగు వైపులా పట్టా కట్టేయకండి, జల్లు కొట్టే వైపు మాత్రం కట్టి, పైన గాలి పోయే సందు వదలండి.

పిల్లల సంగతి ఆలస్యం చేయొద్దు. రక్తపు రెట్ట చాలావరకు కాక్సిడియోసిస్ అయి ఉంటుంది, అంటే కోడి పేగుల్లో పెరిగే కంటికి కనపడని పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. రెట్టలో పడిన ఆ పరాన్నజీవి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో వేరే కోడికి అంటుకునే స్థితికి వస్తాయి, ఫినాయిల్‌కి అవి చావవు. ఆ రెండింటినీ వేరే గంపలో పెట్టి, తాజా రెట్ట పట్టుకుని ఈరోజే పశువైద్యశాలకి వెళ్లండి.

ప్రశ్న: మాది తణుకు వైపు. దగ్గర్లో ఫారం వాళ్లు వాడేసిన ఊక ఊరికే ఇస్తామంటున్నారు. ఎండబెట్టి మా గూట్లో వేసుకోవచ్చా?

జవాబు: వద్దండి. 2025 ఫిబ్రవరిలో మీ వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ బర్డ్ ఫ్లూ తేలిన సంగతి మీకు తెలిసిందే. ఆ వైరస్ రెట్టతో కూడా ప్రయాణిస్తుంది, కొక్కెర తెగులు కూడా అంతే. ఒక ఎండకి అంతా చచ్చిపోతుందని నమ్మడానికి లేదు. కొత్త ఊక సంచి ఖరీదు ఒక్క కోడి ధరతో పోల్చి చూసుకోండి. ఫారంకి వెళ్లొస్తే చెప్పులు కూడా గూటి బయటే వదలండి.

ప్రశ్న: తీసేసిన లిట్టర్ కొబ్బరి చెట్లకి వేయొచ్చా?

జవాబు: పచ్చిది వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. చెట్లకి దూరంగా కుప్ప పోసి, కొంచెం తడిపి, వాన పడకుండా తాటాకులు కప్పి, పది పదిహేను రోజులకోసారి తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగనివ్వండి. ఘాటు పోయి మట్టి వాసన వచ్చాక, మొదలుకి ఆనించకుండా పాదు చుట్టూ వేసి మట్టి కప్పండి.