ఒక్క ఈకను చూసి ఎగిరేదని చెప్పగలమా?

ప్రశ్న: శిలాజంగా దొరికిన ఆదిమ పక్షి ఆర్కియోప్టెరిక్స్ ఈకల్లో కాడకు ఒక పక్క సన్నగా, మరో పక్క వెడల్పుగా ఉంటుంది కాబట్టి అది ఎగిరేదని చదివాను. ఈక ఆకారాన్ని బట్టి అంత మాట ఎలా అంటారు?

జవాబు: ఆ ఒక్క గుర్తుతోనే అనకూడదు. గుర్తు మాత్రం మంచిదే. కాకి రెక్క చివరనుండే పొడవాటి ఈక దొరికితే చూడండి: కాడ నడిమధ్యన ఉండదు, గాలిని కోసుకుపోయే ముందు అంచుకు జరిగి ఉంటుంది. రెక్కలాంటి పలక మీద గాలి తోపుడు ముందు అంచు నుంచి దాదాపు నాలుగో వంతు వెడల్పు దగ్గర పడుతుంది. కాడ కూడా అక్కడే ఉంటే ఈక మెలితిరగదు. ఎగరని నిప్పుకోడి ఈకల్లో కాడకు రెండు పక్కలూ సమానం. చైనాలో దొరికిన కాడిప్టెరిక్స్ అనే పొట్టి చేతుల డైనోసార్ ఈకలూ అంతే.

చిక్కెక్కడంటే, నీటికోళ్ల కుటుంబంలో ఎగరడం మానేసిన కొన్ని జాతులకు ఇప్పటికీ ఆ తేడా మిగిలే ఉంది. అంటే ఈక చెప్పేది ఆ జీవి సంగతి కావచ్చు, దాని పూర్వీకుల సంగతీ కావచ్చు.

అందుకే కాడ మందం కూడా కొలుస్తారు. 2010లో నడ్స్, డైక్ అనే ఇద్దరు పరిశోధకులు ఆర్కియోప్టెరిక్స్ కాడలు మరీ సన్నవని, రెక్కలు గట్టిగా ఆడిస్తే మడతపడి పోయేవని లెక్కగట్టారు. వెంటనే వాళ్ల కొలతల మీదే అభ్యంతరాలు వచ్చాయి. రావడం సహజమే. గుండ్రటి కాడ వంగకుండా నిలిచే బలం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. మందాన్ని 20 శాతం తక్కువగా కొలిచామంటే అసలు బలంలో సగం కూడా లెక్కలోకి రాదు. రాతిపలక మీద ఈకలు ఒకదానిపై ఒకటి అణిగి ఉంటాయి. పై ఈక అంచు కింది కాడను కొంత కప్పేసినా, కాడ పోయి అచ్చు మాత్రమే మిగిలినా కొలత తప్పుతుంది. వెడల్పు పక్కదీ అదే గతి: పక్క ఈక కింద దాగి, ఉన్నదానికన్నా సన్నగా కనిపిస్తుంది.

నా ఉద్దేశంలో ఇంతకన్నా గట్టి ఆధారం ఈకల అమరికలో ఉంది. ఆర్కియోప్టెరిక్స్ భుజం నుంచి మోచేయి దాకా ఉండే ఎముక పొడవైనది. అక్కడ ఈకలు లేకపోతే రెక్కకూ ఒంటికీ మధ్య సందు పడి, గాలి అందులోంచి జారిపోతుంది, ఎత్తే బలం పడిపోతుంది. చికాగో ఫీల్డ్ మ్యూజియంలోని ఆర్కియోప్టెరిక్స్ శిలాజంపై 2025లో వచ్చిన వివరణ ఆ చోట పొడవాటి ఈకల వరుసను చూపించింది. దగ్గరి బంధువులైన, ఎగరని రెక్కల డైనోసార్లలో ఈకలు మోచేయి దగ్గరే ఆగిపోతాయి. అయితే ఆర్కియోప్టెరిక్స్ ఎగరగలిగినంత మాత్రాన గంటల తరబడి గాలిలో ఉండేదని కాదు. రెక్కల కండరాలు పట్టుకునే వెడల్పాటి రొమ్ము ఎముక దానికి కనిపించలేదు.

ప్రశ్న: శిలాజ ఈక రంగు చెప్పగలరా?

జవాబు: కొంతవరకు. రంగునిచ్చే మెలనిన్ రేణువుల ఆకారం కొన్ని ఈకల్లో మిగిలి ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో వాటిని నేటి పక్షుల రేణువులతో పోల్చి, 1861లో జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాతిలో దొరికిన ఒంటరి ఈక నల్లనిదని 2012లో తేల్చారు. ఎరుపు, పసుపు రంగులిచ్చే కెరొటినాయిడ్‌లకు అలాంటి రేణువులుండవు కాబట్టి, ఈ పద్ధతికి అవి చిక్కవు.