డోరు స్పీకర్ గరగర: ముందు వైరు చూడండి

అమలాపురంలో మీ కారు ఎడమ డోరు స్పీకర్ వానలు మొదలైనప్పటి నుంచి గరగరమంటోందనీ, డోరు గట్టిగా వేస్తే కాసేపు బాగుంటోందనీ రాశారు. అలాగైతే నా అనుమానం వైరు మీదేనండి. డోరుకీ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది. డోరు తీసి వేసినప్పుడల్లా లోపలి వైర్లు మడతపడి, చివరికి తెగుతాయి. పాట పెట్టి ఆ గొట్టాన్ని కదపండి. శబ్దం వచ్చి పోతుంటే దొంగ దొరికినట్టే. తెగినచోట టంకం వేసి స్లీవ్ (వైరు మీద తొడిగే సన్న గొట్టం) తొడగండి. ఉత్తి టేపు చుడితే మళ్లీ మొదటికే.

అక్కడ బాగుంటే స్పీకర్ వెనకాల వైరు గుచ్చే కనెక్టర్ పీకి చూడండి. మన కోనసీమ తేమకి పిన్నులకు పచ్చగా చిలుము పడుతుంది. స్పీకర్‌ని మల్టీమీటర్‌తో కొలవండి. 4 ఓమ్‌లది 3, 4 మధ్య చూపిస్తే లోపలి తీగచుట్ట (కాయిల్) తెగలేదు. కోన్ (స్పీకర్ ముందుండే గరాటు లాంటి భాగం) మెల్లగా నొక్కితే గీరుకుంటోందా? ఇక రిపేరుకి డబ్బు తగలెయ్యకండి, కొత్తది వేయించండి.