నీట్ మూడోసారా, మైక్రోబయాలజీనా? పలమనేరు నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఆవులు పెట్టుకుని డెయిరీకి పాలు పోస్తాం. మా పాప బైపీసీ చదివి నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. మూడోసారి రాయించాలని తిరుపతిలో లాంగ్‌టర్మ్ కోచింగుకు అడ్వాన్సు కట్టేశాం. ఇప్పుడేమో డాక్టరు చదువు వద్దు, జబ్బు చేసే క్రిములు ఒంట్లోకి ఎట్లా దూరుతాయి, లోపల ఏం చేస్తాయి, అదే చదువుతానంటోంది. పోయినేడు వాళ్ల అవ్వకు స్క్రబ్ టైఫస్ వచ్చి పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. అప్పటినుంచీ ఇదే మాట. మా బామ్మర్ది బెంగళూరులో ఏఐతో కలిపిన బీటెక్ బయోటెక్నాలజీ ఉంది, దానికి పంపమంటున్నాడు. మూడింట్లో ఏది మంచిది? క్రిములతో పనిచేస్తే పాపకు అంటుకోవా? ఊళ్లో అందరూ ఏమైంది ఏమైంది అని అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాం.

జవాబు: అయ్యా, మూడు దారులు రాసి పోల్చి చెప్పమన్నారు. చెబుతాను. కానీ ఉత్తరమంతా చదివాక నాకు గుచ్చుకున్నది మీ ఆఖరి మాట. ఏటా జూన్, జులైల్లో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది నోట ఇదే మాట వింటాను. రెండేళ్లు పొద్దున్నే లేచి చదివిన పిల్ల ఏం తప్పు చేసిందని మీరు తల దించుకోవాలి? ఆ మాట మీరు పాప ముందు అని ఉంటే, ఈ రాత్రికే వెనక్కి తీసుకోండి. కోర్సు సంగతి దాని తర్వాత.

లాంగ్‌టర్మ్ గురించి ఎక్కువ చెప్పను. పిల్లకు డాక్టరు కావాలన్న తపన ఉండి, కొద్ది మార్కుల్లో సీటు తప్పిపోయి ఉంటే ఆలోచించవచ్చు. వద్దంటున్న పిల్లను మూడో ఏడు కూడా హాస్టల్ గదిలో కూర్చోబెట్టడానికి నేను ఒప్పుకోను. అట్లా కూర్చోబెట్టిన పిల్లల్ని దగ్గరగా చూశాను. దసరా నాటికి తిండి తగ్గిపోతుంది, సంక్రాంతికి ఇంటికొచ్చినా ఎవరితోనూ మాట్లాడరు.

ఇక పాప అడుగుతున్న చదువు, అంటే క్రిముల్ని చదివే మైక్రోబయాలజీ. దాన్ని మీరు మారాం కింద తీసుకున్నట్టున్నారు. ఆమె ప్రశ్న ఎంత పెద్దదో మీ ఇంట్లో జరిగినదానితోనే చెబుతాను. అవ్వను కుట్టింది పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి పురుగు పిల్ల. కంటికి సరిగా ఆనదు. అది కుట్టినప్పుడు ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి దిగుతుంది. చాలామందికి ఆ చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. ఈ జ్వరమని అనుమానం వస్తే డాక్టర్లు ఒళ్లంతా వెతికేది దానికోసమే.

ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల తప్ప పెరగలేదు. అందుకని కణం తనంతట తానే దాన్ని మింగేలా చేస్తుంది. మింగిన కణం దాన్ని ఒక సంచిలో మూసి అరిగించుకోబోతుంది. అంతలోనే అది సంచిని చించుకుని బయటపడుతుంది. కణం తన సరుకులు మోసుకోవడానికి సన్నటి దారాల్లాంటి దారులు వేసుకుని ఉంటుంది. ఈ క్రిమి ఆ మోసే యంత్రాన్నే పట్టుకుని, ఆ దారుల మీదే కేంద్రకం పక్కకు చేరి, అక్కడ పెరుగుతుంది. ఎక్కువగా చేరేది రక్తనాళాల లోపలి పొరలో. ఆ పొర దెబ్బతిని కారడం మొదలైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దేనికైనా ముప్పే. మామూలు జ్వరమనుకుని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు వేసినా తగ్గకపోవడం ఇందుకే. ఆ రకం మందులు బ్యాక్టీరియా గోడను దెబ్బతీస్తాయి. దీనికి గట్టి గోడే లేదు, పైగా దాక్కున్నది కణం లోపల. డాక్సీసైక్లిన్ అయితే కణంలోకి వెళ్లి, క్రిమి ప్రొటీన్లు తయారుచేసుకోకుండా ఆపుతుంది.

జబ్బు ముదిరినవాళ్లకు డాక్సీసైక్లిన్ ఒక్కటే చాలా, అజిత్రోమైసిన్ కూడా కలపాలా అన్నది మొన్నమొన్నటిదాకా తేలలేదు. మొగిలి ఘాటు దిగి చిత్తూరు దాటితే వచ్చే వేలూరులో, సీఎంసీ ఆస్పత్రి డాక్టర్లు ముందుండి, దేశంలో ఏడు ఆస్పత్రుల్లో దాదాపు 800 మంది రోగులతో పరీక్ష జరిపారు. రెండూ కలిపితేనే మేలని 2023లో ఫలితం వచ్చింది. అవ్వ మంచం పక్కన కూర్చుని మీ పాప అడిగిన ప్రశ్నలు ఈ వరసలోవే. నాకైతే ఆ పిల్ల మీద గౌరవం కలిగింది.

మీ కొట్టంలోనూ ఇదే చదువుంది. ఆవు ఆరేడు నెలల చూలుతో ఈసుకుపోతే, అంటే కడుపు పోతే, పశువుల డాక్టరు మొదట అడిగేది బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా గురించే. అది క్రిముల్ని చంపాల్సిన రక్షక కణాల్లోనే దాక్కుంటుంది, గర్భంలోని మాయలో విపరీతంగా పెరుగుతుంది. కాచని పాల వల్లా, ఈసుకుపోయిన దూడను ఉత్త చేతులతో తీయడం వల్లా మనుషులకూ వస్తుంది. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య టీకా వేయించమని చెప్పేది అందుకే. ఇవన్నీ పాపతో ఒకసారి మాట్లాడి చూడండి.

బామ్మర్దిగారు చెప్పిన కోర్సు గురించి నా అనుమానాలు దాచుకోను. పేరు చివర ఏఐ అని చేరిస్తే ఫీజు పెరుగుతోంది, ల్యాబ్ మాత్రం పెరగడం లేదు. బీటెక్ బయోటెక్నాలజీ చెడ్డ చదువని నేననను. టీకాలు, మందులు పెద్ద ట్యాంకుల్లో తయారుచేసే పని మీద ఇష్టముంటే అది సరైన చోటే. కానీ మీ పాపకు ఉన్న ఇష్టం అది కాదు. క్రిమికీ కణానికీ మధ్య జరిగేది ఆ నాలుగేళ్లలో ఒకటి రెండు పేపర్లకు మించి రాదు. మిగతా కాలం లెక్కలు, కోడింగ్, ఇంజనీరింగ్. చాలా కాలేజీల్లో చివరికి ప్లేస్‌మెంటుకు వచ్చేదీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. పరిశోధనలోకి వెళ్లాలంటే ఆ తర్వాత మళ్లీ పైచదువు తప్పదు.

ఏఐ గొప్పదే. ప్రొటీన్ల ఆకారం లెక్కగట్టి చెప్పే ఆల్ఫాఫోల్డ్ తయారుచేసినవాళ్లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అయితే ఓరియెన్షియా కణంలోకి వదిలే ప్రొటీన్లలో ఏది దేన్ని పట్టుకుంటోందో తేల్చాలంటే ఎవరో ఒకరు కణాలు పెంచి, క్రిమిని ఎక్కించి, మైక్రోస్కోపులో చూడాల్సిందే. ముందు ఆ పని రావాలి. కంప్యూటర్ తర్వాతైనా నేర్చుకోవచ్చు. అయినా అక్కడికే పంపాలనుకుంటే, సీటు తీసుకునే ముందు ల్యాబ్ చూపించమనండి. ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ పనిచేస్తోందా, క్రిముల్ని పెంచే ప్లేట్లు ప్రతి పిల్లా తన చేత్తో పోస్తుందా లేక పది మందికి ఒకటి చూపిస్తారా, కణాలు పెంచే గది ఉందా అని అడగండి. ఆ గదికి తాళం వేసి ఉంటే అదే మీకు జవాబు.

అంటుకుంటుందేమోనన్న భయం తల్లిదండ్రులకు సహజం. మొదటి ఏడాది పిల్లలు పట్టుకునేది ల్యాబ్ కోసం పెంచిన, జబ్బు చేయని రకాల్నే. టీబీ, ఓరియెన్షియా లాంటివాటిని గాలిని వడకట్టి బయటకు వదిలే ప్రత్యేకమైన ల్యాబుల్లో, బాగా శిక్షణ పొందినవాళ్లే ముట్టుకుంటారు. పచ్చిపాలు తాగే అలవాటు ఇంట్లో ఉంటే నాకు దానిమీదే ఎక్కువ భయం.

డబ్బు, కాలం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇది త్వరగా సంపాదన వచ్చే దారి కాదు. మామూలు ఎమ్మెస్సీతో ఆగిపోతే ఫార్మా కంపెనీ క్వాలిటీ ల్యాబులో చిన్న జీతంతో మొదలుపెట్టాల్సి రావచ్చు. పీహెచ్‌డీ అయ్యేసరికి 28 ఏళ్లు దాటవచ్చు. అందుకే ఫెలోషిప్ లేని పీహెచ్‌డీకి పంపవద్దంటాను. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, ఆపైన ఇంటి అద్దె భత్యం. పెళ్లి మాట మీరు రాయలేదు, కానీ రాయకుండా ఆపుకున్నారని తెలుస్తోంది. పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకున్నవాళ్లూ, బిడ్డల్ని పెంచినవాళ్లూ ఎందరో ఉన్నారు. అది పాప చూసుకోవలసిన విషయం.

పని లేదనుకోకండి. టైఫాయిడ్ బ్యాక్టీరియా ఒక చక్కెర తొడుగు కప్పుకుని మన రక్షక కణాల కన్నుగప్పుతుంది. ఆ తొడుగుతోనే టీకా చేస్తే రెండేళ్లలోపు పిల్లలకు సరిగా పనిచేయలేదు. దాన్ని ఒక ప్రొటీన్‌కు అతికిస్తే పసివాళ్ల ఒళ్లు కూడా గుర్తుపట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అర్హత పొందిన ఆ రకం మొదటి టైఫాయిడ్ టీకా హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిందే.

డాక్టరు కాకపోతే బతుకే లేదన్న ధోరణి మీ ఉత్తరంలో కనిపించింది. అది నాకు కోపం తెప్పించింది. అవ్వ ప్రాణం నిలిపే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబానిది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో వచ్చింది. దాన్ని కనిపెట్టిన లెడర్లీ కంపెనీలో పరిశోధనకు అప్పుడు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆయనకు ఎంబీబీఎస్ ఇవ్వలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టారు. ఊళ్లో అడిగేవాళ్లకు ఈసారి ఈ సంగతి చెప్పండి.

నా మాటగా అడిగితే, ఏర్పేడులోని ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యాసంస్థకు ప్రయత్నించమనండి. వాళ్ల పరీక్ష వేరే ఉంటుంది, ఐదేళ్లూ పరిశోధన వాతావరణంలోనే గడుస్తాయి. అది రాకపోతే మంచి ల్యాబున్న డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, తర్వాత ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. ఆవుల మీద మనసు పోతే వెటర్నరీ కూడా ఇదే ప్రశ్నకు ఇంకో తలుపు. పాప ఏది ఎంచుకుంటే అదే.

లాంగ్‌టర్మ్ అడ్వాన్సు తిరిగివ్వరేమోనని మీకు దిగులుగా ఉండొచ్చు. గట్టిగా అడగండి. ఇవ్వకపోతే పోనివ్వండి, ఆ డబ్బు కోసం పిల్లను పంపకండి. ఈ ఆదివారం పాల పని అయ్యాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని, అవ్వ ఒంట్లో ఆ క్రిమి ఏం చేసిందో చెప్పమనండి. మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ తర్వాత మీ ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి.